బ్యాంకాక్ గోడ మీది హనుమంతుడు

బిక్షమ్మ చింతకాయల పెంకు అప్పటికే ఒలిచేసింది. ఇప్పుడు ఒక్కో పండు బండ మీద పెట్టి, ఇనుప కడ్డీతో చిన్నగా కొట్టి, గింజను పక్కకు నెడుతోంది. గింజలది ఒక కుప్ప, పండుది ఒక కుప్ప. ఎదురుగా గోనె పట్టా మీద కూర్చున్న మెర్సీ పావుగంట నుంచి ఆ పండులోంచి ఈనెలు లాగుతూ ఉంది.

"పోలీసామె వస్తదని చెప్పిండ్రు. చింతపండు పని చేస్తదని ఎవలు చెప్పలే," అంది బిక్షమ్మ.

"పోలీసు నౌకరి ఇడిసిపెట్టి మూడేండ్లయింది వదినా. ఇప్పుడు ఎవలన్న పిలిస్తే పోయి ఆరా తీస్త. అంతే."

"ఇయ్యాల ఎవలు పిలిచిండ్రు?"

"గోపమ్మ. బీరన్న పెండ్లాం."

బిక్షమ్మ చేతిలోని కడ్డీ ఒక్క క్షణం ఆగి, మళ్లీ పడింది.

"బీరన్న గట్లాంటోడు కాదు," అంది. "మా ఆయన ఏటా వాళ్ల బీరప్ప గుడికి రంగులేస్తడు. పనైనన్ని దినాలు బీరన్న ఇంట్లనే తిండి. మేకపాల చాయ పోస్తడు, వద్దన్నా ఇనడు."

మెర్సీ గడియారం చూసుకుంది. పదకొండు దాటి ఐదు నిమిషాలు.

పది రోజుల కిందట, పన్నెండో తారీకు సోమవారం, సాయంత్రం ఐదు నలభైకీ ఆరింటికీ మధ్య గుర్వయ్య గొర్ల దొడ్డి దగ్గర తల పగిలి పడిపోయాడు. పక్కన అతని తమ్ముడు బీరన్న కర్ర దొరికింది, కొసన రక్తం. మేపు బీడు విషయంలో అన్నదమ్ములకు నెల రోజులుగా మాటల్లేవన్న సంగతి ఊరంతా ఎరుగును. గుర్వయ్య ఇంకా నల్గొండ దవాఖానలో స్పృహ లేకుండానే ఉన్నాడు. నిన్న సాయంత్రం నాలుగింటికి సిఐ దశరథ్ బీరన్నను అరెస్టు చేశాడు. ఈ రోజు మూడింటికి కోర్టులో హాజరు పరుస్తాడు. అక్కడి నుంచి జైలే. ఆ తర్వాత ఈ కేసును మళ్లీ మొదటినుంచి చూసే ఓపిక ఎవరికీ ఉండదని మెర్సీకి తెలుసు. ఆమె దశరథ్ స్టేషన్లోనే ఆరేళ్లు పని చేసింది.

ఆమె అనుమానం వేరే మనిషి మీద ఉంది. గుర్వయ్య అల్లుడు రాంచందర్. నల్గొండలో విత్తనాలు, పురుగుమందుల షాపు. హైవే పక్కనున్న మామ పొలంలో గోదాము కడతానని రెండేళ్లుగా అడుగుతున్నాడు, గుర్వయ్యేమో "గొర్లను ఎక్కడ మేపాలె" అని కాదంటున్నాడు. కానీ ఆ సోమవారం రాంచందర్ ఈ దేశంలోనే లేడు. అమ్మకాల టార్గెట్ దాటినందుకు మందుల కంపెనీ ఒకటి అతనికి బ్యాంకాక్ వెళ్లి రావడానికి ఇద్దరికి టికెట్లు ఇచ్చింది. చిన్నప్పటి దోస్తు, గుడి బొమ్మలకు రంగులేసే కృష్ణయ్యను తోడు తీసుకెళ్లాడు. గుంపు లేదు, గైడు లేడు. తొమ్మిదిన వెళ్లి పద్నాలుగు తెల్లారి దిగారు. పాస్‌పోర్టు ఇంకో ప్రయాణం కోసం హైదరాబాదులో ఏజెంటు దగ్గర ఉందన్నాడు. టికెట్ కాగితం చూపించాడు. సాక్షిగా కృష్ణయ్యను చూపించాడు.

ఆ కృష్ణయ్య భార్యే బిక్షమ్మ.

లోపలి అర్ర తలుపు తెరుచుకుంది. నలభై ఐదేళ్ల సన్నటి మనిషి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గోళ్ల సందుల్లో తెల్ల రంగు.

"మెర్సీ అంటే మీరేనా?" అన్నాడు. "నేను చెప్పేదేమున్నదమ్మా, అంతా సిఐ సారుకు చెప్పిన."

"నాకు చెప్పలే గదన్నా. పన్నెండో తారీకు పొద్దున్నుంచి చెప్పు."

కృష్ణయ్య గోడకు ఆనుకున్నాడు. చూపు నేల మీద పెట్టాడు. "పొద్దున తొమ్మిదింటికి రూముల కెళ్లి బయటపడ్డం. పదింటికి పండుకున్న బుద్ధుని గుడి. పన్నెండున్నరకు తిన్నం. రెండింటికి రాజు కోట. మూడున్నరకు గేటు మూస్తరు. నాలుగింటికి పడవెక్కి ఏరు దాటినం. అవుతల అరుణ గుడి. ఎనిమిదింటికి రూముకు మర్లినం."

ఎక్కడా తడుముకోలేదు. బడిలో ఎక్కాలు అప్పజెప్పే పిల్లల్లో కొందరుంటారు, మధ్యలో ఆపితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. మెర్సీ అక్కడే ఆపింది.

"పండుకున్న బుద్ధుడు ఎంత పొడుగుంటడు?"

కృష్ణయ్య తల ఎత్తాడు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

"నడిచి కొలిచిన. అరవై ఒక్క అంగ," అన్నాడు. "మన దగ్గర ఏ గుళ్లనన్న దేవుడు నిలబడతడు, లేకుంటే కూసుంటడు. గాయన పక్కకు ఒరిగి, తల కింద చెయ్యి పెట్టుకొని నవ్వుతుండు. ఒళ్లంతా బంగారు పూత. తల కాడ నిలబడితే కాళ్లు కనవడవు. మొత్తం ఒక్కసారి చూద్దమంటే కండ్లు సరిపోవు. నడుసుకుంట చూడాలె, పొలం చూసినట్టు."

"పాదాలు?"

"పాదాలు నాకన్న ఎత్తు." అతని చేయి గాలిలోకి లేచింది. "అరికాళ్ల నిండ ముత్యపు చిప్పలు కోసి అతికిచ్చిండ్రు. నూట ఎనిమిది గుర్తులట. పూలు, ఏనుగులు, చేపలు. నేనైతే ఇక్కడ పాదాలకు ఒక కోటు పసుప్పచ్చ కొట్టి దిగొస్త. వాళ్లు అరికాలుకు అంత పని చేసిండ్రు. గా కాడ నిలబడి నాకు సిగ్గైంది. ఇరవై ఐదేండ్ల నుంచి నేను చేస్తున్నది ఏం పని అని."

"రాంచందర్ అన్న ఏమన్నడు గా పాదాలు చూసి?"

చూపు మళ్లీ నేల మీదికి దిగింది. "మంచిగున్నయన్నడు."

మెర్సీ ఒక ఈనె లాగి పక్కన పెట్టింది. టైములు చెప్పేటప్పుడు ఉన్న మనిషి ఒకరు, చూసింది చెప్పేటప్పుడు ఉన్న మనిషి ఒకరు.

"కోటల ఏం చూసినవన్నా?"

"లోపల పచ్చరాయి బుద్ధుడు. మూరెడో మూరెడున్నరో, గంతనే. మనిషికి అందనంత ఎత్తుల కూసోవెట్టిండ్రు. ఏడాదికి మూడుసార్లు బట్టలు మారుస్తరట, రాజే వచ్చి మారుస్తడట. మేం పోయినప్పుడు చలికాలం బట్టలు. బంగారు జాలీ, భుజాల మీదికెళ్లి కిందిదాక. చలి పెడతదని దేవునికి కప్పిండ్రు సూడు, గది నాకు బాగనిపించింది. లోపల ఫోటో తియ్యనియ్యరు. నాది బటన్ల ఫోను, నాకు గా బాధ లేదు." అతను నవ్వాడు. "నిక్కర్లేసుకున్నోళ్లను గేటు కాడ ఆపుతుండ్రు. నా పంచె చూసి గా పోలీసాయన రెండు చేతులు జోడిచ్చిండు."

"కోట గోడల మీద గూడ బొమ్మలుంటయంట గదా."

"ఉంటయి," అని ఆగిపోయాడు.

"ఉంటయని ఊకుంటవేంది?" బిక్షమ్మ కడ్డీ కింద పెట్టింది. "వచ్చిన కాన్నుంచి గదే పని, మెర్సీ. లోపలి అర్రల గోడ గోడంతా రంగులే. ఇంట్ల పగిలిన కప్పులు సాసర్లు ఏమున్నా దానికే. మొన్న రాంచందర్ కారు ఆగంగనే గోనె పట్టా కప్పిండు. నాకెందుకో సమజ్ కాలే, దోస్తుకు చూపియ్యనీకి ఏం సిగ్గో."

"నువ్వు జర ఊకో," అన్నాడు కృష్ణయ్య.

మెర్సీ లేచి నిలబడింది. "చూస్తనన్నా."

"అది బేరానికేసింది కాదు."

"కొననీకి కాదు. చూడనీకే."

 పని చేసేవాడికి చూసేవాళ్లు కావాలి. వారం రోజులుగా బయటివాళ్లు ఒక్కరు కూడా చూడని పని అది. అతను పక్కకు తప్పుకున్నాడు.

చిన్న అర్ర. ఒకటే కిటికీ. మెర్సీ గోడ మీద కప్పిన గోనె పట్టాను రెండు చేతులా పైకి ఎత్తి మేకుకు తగిలించింది. తర్వాత వెనక్కి అడుగులేస్తూ ఎదుటి గోడకు వీపు తగిలేదాకా వెళ్లింది. అప్పటికి గానీ మొత్తం కనిపించలేదు.

ఎడమ పక్కన కోట. ఆకుపచ్చ, నారింజ పెంకుల కప్పులు మూడేసి వరుసలు, కొసలన్నీ పాము పడగల్లా పైకి లేచి ఉన్నాయి. బంగారు గంటలాంటి గోపురం ఒకటి. దర్వాజ దగ్గర పొడవాటి గద నేలకు ఆనించి నిలబడ్డ పచ్చటి రాక్షసుడు. కుడి పక్కన ఏరు, ఏటి అవతలి ఒడ్డున ఒక్కటే ఎత్తయిన గుడి. ఆ గుడికి కృష్ణయ్య రంగు వెయ్యలేదు. పగిలిన సాసర్ల ముక్కలు, గాజుపెంకులు సున్నంలో ఒత్తి అతికించాడు. కిటికీలోంచి పడ్డ ఎండకు ఆ ముక్కలు ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా మెరుస్తున్నాయి. మెర్సీ తల కొంచెం కదిలిస్తే మెరుపు గుడి మీద పైనుంచి కిందికి జారింది.

ఆమె పని మరిచిపోయి ఒక నిమిషం అట్లాగే నిలబడింది.

"అక్కడ గూడ ఇంతే," అన్నాడు కృష్ణయ్య వెనక నుంచి, గొంతు తగ్గించి. "గుడి గుడంతా పింగాణీ ముక్కలే. ఎప్పుడో ఓడల్ల వచ్చిన పింగాణీలట. పారెయ్యకుండ దేవునికి పూలు జేసిండ్రు. అరుణుని పేరు పెట్టిండ్రు గుడికి. మన సూర్యుని రథం తోలేటాయన. మన దగ్గర గాయనకు గుడి ఎక్కడున్నది?"

"రాక్షసుడెవలు?"

"రావణాసురుడు." అతను నవ్వుతున్నాడు. "అక్కడ గాయన గుడికి కావలి. మనం దసరాకు కాలవెడ్తం, వాళ్లు నౌకరి ఇచ్చిండ్రు."

మెర్సీ దగ్గరికి వెళ్లింది. కోటకూ ఏటికీ మధ్య పొడుగాటి గోడ బొమ్మ ఉంది, గోడ మీద గోడ అన్నట్టు. అందులో ఒక పెద్ద వానరం నోరు తెరుచుకొని ఉంది. నోట్లో చిన్న బంగారు మంటపం, మంటపంలో పడుకున్న రాముడు. ఆమె ఆ బొమ్మ ముందు చాలాసేపు ఆగింది. తర్వాత ఏటి దగ్గరికి వచ్చింది. ఏట్లో ఒక పడవ. పడవలో పంచె కట్టుకున్న మనిషి, భుజాన తువ్వాల, గుడి వైపు చూస్తూ. బల్ల మీద అతని పక్కన జాగా ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ జాగాను ఆమె వేలితో ముట్టలేదు. చూసి ఊరుకుంది.

బయట జీపు ఆగిన చప్పుడు. పదకొండు నలభై ఐదు.

సిఐ దశరథ్ చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చేతిలో నీలం అట్ట ఫైలు.

"కృష్ణయ్యా, రెండున్నరకు కోర్టు కాడ ఉండాలె, గుర్తున్నదా," అంటూ అర్రలోకి చూసి ఆగాడు. "ఓహో. మేడం గూడ ఈడనే ఉన్నరా. ఏందమ్మా, బొమ్మల కొలువుకొచ్చినవా?"

"నమస్తే సార్. గోపమ్మ పంపితే వచ్చిన."

"గోపమ్మకు చెప్పు, కర్ర దొరికింది, కర్ర మీద రక్తం దొరికింది, పగ దొరికింది. ఇంకేం దొరకాలె?"

"దొడ్డి ఇద్దరిది ఒకటే సార్. బీరన్న కర్ర ఎప్పుడు తడికకే ఆనిచ్చి ఉంటది. దొడ్లకొచ్చినోళ్లకు ఎవలికైనా అందుతది. కొట్టినోడు సొంత కర్ర ఆడనే ఇడిసి ఇంటికి పోయి అన్నం తింటడా?"

"కోపంల కొట్టినోడు ఏమన్న చేస్తడు."

"రాంచందర్ అదే దినం ఐదూ ఇరవైకి పెండ్లాం నాగరాణికి ఇంటర్నెట్ ఫోన్ చేసిండు. 'ఏటి ఒడ్డున ఉన్న, అరుణ గుడి కొస మీద పొద్దు గుంకే ఎండ పడ్డది, ఎంత మంచిగున్నదో' అన్నడంట. నాగరాణి నాకు సంబురంగ చెప్పింది. ఇక్కడ ఐదూ ఇరవై అంటే అక్కడ ఆరూ యాభై సార్. గా నెలల అక్కడ ఆరున్నర లోపల పొద్దు గుంకుతది. ఎండెక్కడిది?"

దశరథ్ చెయ్యి విదిలించాడు. "లైట్లు చూసి ఎండన్నడేమో. పెండ్లానికి చెప్పేటప్పుడు ఎవడు గడియారం చూస్తడు? మెర్సీ, నువ్వు కానిస్టేబులు ఉన్నప్పుడు గూడ గింతే. ఒక్క గడ్డిపోచ పట్టుకొని వాము కట్టేదానివి."

"ఒక్క గడ్డిపోచ కాదు సార్. ఇంకోటున్నది. మీ ఫైల్ల రాంచందర్ వాంగ్మూలం ఉన్నది గదా. కోట గోడ గురించి ఏమి రాసిచ్చిండో ఒక్కసారి చదువుండ్రి. నాకు షాపుల కూసొని చెప్పిండు. మీకు సంతకం పెట్టి ఇచ్చిండు."

"ఎందుకు?"

"మూడింటికి ఎట్లాగూ కోర్టుల చదువుతరు. ఇప్పుడు చదివితే ఏం పోతది."

అతను విసుగ్గా ఫైలు తెరిచాడు. స్టేషను గొంతుతో చదివాడు. "'పిమ్మట కోటలో గోడలపై రామాయణ చిత్రములను చూచితిమి. అందు సిందూరపు రంగులోనున్న ఆంజనేయస్వామి తన తోకను కోటగా చుట్టి రామలక్ష్మణులను మైరావణుని బారినుండి కాపాడుచున్న చిత్రమునకు నేను దండము పెట్టుకొంటిని. అప్పుడు సమయము మూడు గంటల పది నిమిషములు.' అయితే?"

గుమ్మం దగ్గర నిలబడ్డ బిక్షమ్మ నవ్వింది.

"సిందూరమా? వారం దినాల నుంచి మా ఇంట్ల గదే లొల్లి సారూ. హనుమంతునికి సున్నం కొడుతవేందయ్యా, పాపం తగుల్తదంటే ఈయన ఇనడు."

కృష్ణయ్య ఊకో అన్నట్టు ఆమె వైపు చెయ్యి ఎత్తాడు. దశరథ్ గోడ వైపు తిరిగాడు. నోరు తెరుచుకున్న ఆ పెద్ద వానరం తలనుంచి తోకదాకా తెల్లగా ఉంది. తోక కోట కట్టలేదు. ఊరికే వెనక వేలాడుతోంది.

"ఈయన ఇష్టమొచ్చినట్టు వేసుకున్నడు," అన్నాడు సిఐ. "ఇల్లు ఈయనది, గోడ ఈయనది. రేపు నీలం వేస్తడు."

"ఇష్టమొచ్చినట్టా?"

ఆ మాట కృష్ణయ్య అన్నాడు. గొంతు వేరేగా ఉంది.

"నలభై ఊర్లల్ల హనుమంతునికి సిందూరం పూసిన చేతులు సారూ ఇవి. నా ఇష్టమైతే నేను తెలుపు వేస్తనా? అక్కడ ఉన్నది గట్ల. పాల లెక్క తెలుపు. రాముడు చిలుక పచ్చ. లక్ష్మణుడు బంగారం. గోడ ఎంత దూరం పోతదో అంత దూరం రామాయణమే, ఒక్క వానరం ముఖం ఇంకో వానరానికి లేదు. మన మైరావణ కథల తోకతోని కోట కడ్తడు, చిన్నప్పటి నుంచి యక్షగానంల చూసిన. అక్కడోళ్లు గట్ల వెయ్యలే. రాముణ్ణి మంటపంతోని సహా నోట్ల పెట్టుకున్నడు. నోట్ల పెట్టుకుంటే ఇంకెవడు ఎత్కపోతడు? నేను గా బొమ్మ ముంగట గంటసేపు నిలబడ్డ. వెనుకకొచ్చి మళ్ల నిలబడ్డ. గా తెలుపు ఒక్క తెలుపు కాదు, తెలుపు మీద బూడిద రంగు గీత, గీత మీద బంగారం. నా ఇష్టమట."

చెప్పడం ఆపాక గానీ తను ఏం చెప్పాడో అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మెల్లగా కింద కూర్చున్నాడు.

దశరథ్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఏదో టైపు చేశాడు. తెర మీద బొమ్మలు ఒక్కొక్కటి పైకి తోస్తూ, మధ్యమధ్య గోడ వైపు చూస్తూ, ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. 

"తెల్లగనే ఉన్నడు," అన్నాడు చివరికి, తనలో తాను.

"చూసినోడు తెలుపు అంటడు సార్," అంది మెర్సీ. "చూడనోడు మన ఊరి హనుమంతున్ని చెప్తడు."

"నువ్వు చర్చికి పోయేదానివి. మైరావణుని కథ నీకెట్ల తెలిసింది?"

"మా ఊర్ల యక్షగానానికి హార్మోనియం వాయించింది మా నాయిన ఇస్రాయేలే సార్. శనారం రాత్రి మైరావణుడు, ఐతారం పొద్దున చర్చి. ఒక్కటే పెట్టె." ఆమె కృష్ణయ్య ఎదురుగా నేల మీద కూర్చుంది. "అన్నా, పడవల నీ పక్కన జాగా ఖాళీగున్నది. వారం దినాలల్ల రాంచందర్ అన్నను గీసేటందుకు నీకు చెయ్యి రాలే. ఎప్పుడు వెనుకకొచ్చిండాయన?"

కృష్ణయ్య గోళ్ల సందుల్లోని రంగును చూసుకుంటున్నాడు.

"పదకొండో తారీకు రాత్రి," అన్నాడు. "ఇంటి కాడ చిన్న పనున్నది, నాగరాణికి తెలిస్తే లొల్లైతది, వేరే టికెట్ తీసుకున్న, పోతున్న అన్నడు. ఆడమనిషి సంగతేమో అనుకున్న. అడగలే. నన్ను గంత దూరం తీసుకపోయిన మనిషి. నా బతుకుల నేను విమానం ఎక్కుదునా, గా పాదాలు చూద్దునా. పద్నాలుగు తెల్లారి శంషాబాద్‌ల దిగితే బయట కారుతోని నిలబడి ఉన్నడు, మెడల గాలి దిండు ఏసుకొని, అప్పుడే దిగినట్టు. కారులనే చెప్పిండు మామను ఎవలో కొట్టిండ్రని. గా మాట చెప్పుకుంటనే పన్నెండో తారీకు నేను యాడెడ తిరిగిన్నో అడుగుడు మొదలువెట్టిండు."

"నువ్వు చెప్పినవు."

"టైములు అడిగిండు, చెప్పిన. గుళ్ల పేర్లు అడిగిండు, చెప్పిన. మైరావణుని బొమ్మ గూడ ఉన్నదన్న. గా బొమ్మ ఎట్లున్నదో చెప్దమనుకున్న. 'అవన్ని వద్దు, టైము చెప్పు' అన్నడు." అతను తల ఎత్తాడు. "రంగు అడగలే. నేను చెప్పలే."

"బీరన్న మేకపాలు తాగినవు గదయ్యా," అంది బిక్షమ్మ. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు.

"నిన్నటి దాక బీరన్నను తీస్కపోతరనుకోలే. నిన్న రాత్రి నిద్రపోలే."

దశరథ్ ఫైలు మూశాడు.  "రాంచందర్ ఎప్పుడు దిగిండో చెప్పుమని విమానాశ్రయానికి ఉత్తరం రాసిన, వారం పడ్తదన్నరు. ఫోన్ చేసి ఇప్పుడే తెప్పిస్త. నువ్వు ఇదంతా రాసి సంతకం పెట్టాలె. బీరన్న సంగతి..." అని ఆపేశాడు. తప్పు అన్న మాట అతని నోట ఆరేళ్లలో మెర్సీ వినలేదు. ఈ రోజు కూడా వినలేదు గానీ, అతను చెప్పులు విప్పి గుమ్మం అవతల పెట్టి వచ్చి, ఆ గోడను మళ్లీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టాడు.

"కృష్ణయ్యన్నా," అని వాకిట్లోంచి పిలుపు వినిపించింది.

రాంచందర్ భార్య నాగరాణి. పది రోజులుగా దవాఖాన బల్ల మీద పడుకుంటున్న మనిషి, కళ్లు లోపలికి పోయాయి. చేతిలో ఖాళీ టిఫిన్ గిన్నెలు. సిఐని చూసి గుమ్మంలోనే ఆగింది.

"సారు గూడ ఉన్నడా. మంచిదే. ఆయన చెప్పి రమ్మన్నడు అన్నా, రెండున్నరకు కోర్టుకు తప్పకుండ రావాల్నట." అలసిపోయిన ముఖంలో చిన్న వెలుగు. "బాపు పొద్దున వేళ్లు కదిలిచ్చిండు సార్. డాక్టర్ పేరు పెట్టి పిలిస్తే కన్ను తెరిచిండు. సాయంత్రం వరకు మాట రావచ్చన్నడు."

"ఇప్పుడు మీ బాపు కాడ ఎవలున్నరక్కా?" అంది మెర్సీ.

"ఆయనే ఉన్నడు. 'పది రోజులైంది నువ్వు పండుకోక, ఇంటికి పోయి జర ఒరుగు, నేను చూసుకుంట' అన్నడు. నర్సమ్మను గూడ మందులకు పంపిచ్చిండు."

మెర్సీ దశరథ్ వైపు చూసింది. "దవాఖాన కాడ కావలి కానిస్టేబులు ఉన్నడు గదా సార్."

"నిన్న రాత్రి తీసేసిన," అన్నాడు అతను. "నేరస్తుడు దొరికిండని."

అతను అప్పటికే దవాఖానకు కలిపి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఇంకో చేత్తో జీపు తాళాల కోసం జేబులు తడుముతున్నాడు.

"ఏమైంది సార్?" అంది నాగరాణి. "ఏమైందన్నా?"

కృష్ణయ్య లేచి నిలబడ్డాడు. ఆమె కళ్లలోకి చూడలేక గోడను చూపించాడు.

"చెల్లె, పన్నెండో తారీకు నాడు ఇవన్ని నేనొక్కన్నే చూసిన."

నాగరాణి గోడను చూసింది. కోటను, రాక్షసుణ్ణి, తెల్లటి హనుమంతుణ్ణి దాటి ఆమె చూపు ఏటి మీదికి వచ్చింది. పడవలో ఉన్న ఒక్క మనిషి దగ్గర ఆగింది. ఐదూ ఇరవైకి భర్త ఫోన్లో చెప్పిన ఏటి ఒడ్డు, గుడి, గుడి కొస మీది ఎండ అన్నీ ఆమె ఎదురుగా ఉన్నాయి. ఆయన ఒక్కడే లేడు.

ఆమె టిఫిన్ గిన్నెలను శబ్దం కాకుండా కిందపెట్టింది.  వెనక్కి తిరిగి, చింతగింజల కుప్పను దాటి, వాకిలి దాటి వెళ్లిపోయింది. దశరథ్‌కు జీపు తాళాలు దొరికేలోపు, రోడ్డు మీద ఆమె ఎక్కిన ఆటో దవాఖాన వైపు మలుపు తిరిగింది.